గుడ్వెయిగ్ రాసుకున్న గాలి

గుడ్వెయిగ్ వాన కొలవడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డ్ ఒడ్డున, కొండకు పడమటి పక్క గొర్రెలు పెంచుకునే ఇల్లది. రోజూ ఉదయం ఎనిమిదింటికి పెరట్లో పెట్టిన డబ్బా తెరిచి, అందులో పడిన నీళ్లను గీతల గాజు గొట్టంలో పోసి, మిల్లీమీటర్లు రాసుకుని, నెలకోసారి వాతావరణ కార్యాలయానికి పంపేది. తొలికాన్పు నొప్పులు మొదలైన రోజు కూడా కొలిచాకే ఆసుపత్రికి పడవెక్కింది.

ముప్పై ఎనిమిదేళ్లు గడిచాక, 1990 వేసవిలో, బెర్గెన్ నుంచి టురిడ్ అనే పరిశోధకురాలు వచ్చింది. కాఫీ తాగి, మొహమాటపడుతూనే విషయం బయటపెట్టింది.

"మీ అంకెలు మాకు కొరుకుడు పడటం లేదు. ఈ రెండు మూడు చలికాలాలుగా మీ దగ్గర ఎప్పుడూ లేనంత వాన. కొండకు అవతల, తూర్పున, నేల సరిగ్గా తడవడమే లేదు. ఈ లెక్కలు పక్కన పెట్టేద్దామంటున్నారు మావాళ్లు."

"అంటే నాకు చూపు ఆనడం లేదనా?"

"మా గొర్రెలనడుగు. వాటి ఉన్ని ఆరి మూడేళ్లయింది," అన్నాడు ఆమె భర్త మోన్స్.

గుడ్వెయిగ్ నవ్వలేదు. లోపలికి వెళ్లి ముప్పై ఎనిమిది నోటుపుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ప్రతి వాన పక్కనా ఆ పూట గాలి ఎటునుంచి వీచిందో రాసి ఉంది.

"గాలి రాయమని మేం అడగలేదే?"

"మీరు అడగలేదు. మా నాన్న చేపల వేటకు వెళ్లేవాడు. గాలి ఊసెత్తకుండా వాన సంగతి మాట్లాడితే ఊరుకునేవాడు కాదు. పడమటి గాలి సముద్రం మీది తేమంతా మోసుకొచ్చి ఈ కొండకేసి కొడుతుంది. ఉన్నదంతా ఇక్కడే కుమ్మరించి, ఉత్త చేతులతో అవతలికి దిగుతుంది. ఇదివరకు చలికాలంలో తూర్పు గాలికీ వంతు ఉండేది. ఇప్పుడేదీ, నువ్వే చూడు."

టురిడ్ తన వెంట తెచ్చిన రోజువారీ వాతావరణ పటాలు పరిచి సాయంత్రం దాకా రోజు రోజునూ సరిచూసింది. ఐస్‌లాండ్ దగ్గర గాలి పీడనం బాగా పడిపోయి, దక్షిణాన అజోర్స్ దీవుల మీద పెరిగిన రోజుల్లో ఈ పుస్తకాల్లో వరసగా పడమటి గాలే. పెద్ద వానలూ ఆ రోజులవే.

"నాలుగు చోట్ల తప్ప ఎక్కడా తేడా లేదు," అంది చివరికి.

"ఆ నాలుగూ మీ పటాల్లో మళ్లీ చూసుకోండి," అంది గుడ్వెయిగ్.

చూసుకున్నారు. వాటిలో మూడు చోట్ల తప్పు పటాలదే.

ఆమె లెక్కలను ఎవరూ పక్కన పెట్టలేదు. పైగా మరుసటేడు ఆ తీరంలో వాన కొలిచేవాళ్లందరికీ వచ్చిన కాగితాల్లో గాలి కోసం కొత్తగా ఒక గడి చేరింది. ఎవరో ఇదేమిటని రేవు దగ్గరి కొట్లో గొణుగుతుంటే, గుడ్వెయిగ్ బంగాళదుంపల సంచి కింద పెట్టి నిటారుగా నిలబడింది.

"ఆ గడి నాది," అంది.