యేసయ్య గుప్పెడు బియ్యం

ఇంగ్లండు షెఫీల్డులో మా అమ్మాయి నర్సు, నేనిప్పుడు దాని దగ్గరే ఉంటన్నా. రోజూ అన్నం మిగిలి చెత్తబిన్నులో పడతందని నిన్న కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు వెనక్కి తీసింది. మాయమ్మ చెయ్యే కనపడిందండీ నాకు!

నా చిన్నప్పుడు మాయమ్మ పూటపూటకీ అట్టాగే గుప్పెడు తీసి కుండలో దాచేది. "ఇది యేసయ్యది. ముట్టుకున్నావా, చెయ్యి విరగ్గొడతా!" అనేది. ఆకలేసినా ముట్టుకోలేదు. తినడానికి ఆయనే వస్తాడని గుమ్మంలో కాపలా కూచున్నా.

శనివారం పాస్టరమ్మ వచ్చి ఆ బియ్యం సంచిలో పోసుకుంది. "ఓయమ్మో, యేసయ్య బియ్యం ఎత్తుకుపోతంది!" అని అరుచుకుంటా ఆవిడ ఎనకాలే పరిగెత్తా. ఆవిడ నవ్వుకుంటా పోయి, మొగుడు పోయి పస్తులుంటన్న మరియమ్మ పొయ్యికాడ సంచి దించింది. మరియమ్మ వెంటనే ఎసరు పెట్టింది.

"అమ్మా, యేసయ్య మరియమ్మ ఇంట్లో తింటన్నాడే!" అని కేకలేసుకుంటా ఇంటికొచ్చా.

నా మొగుడు చనిపోయిన ఏడు నా పొయ్యి మీదా అట్టాంటి గుప్పెళ్ళే ఉడికాయి. ఆరోజు నేనన్నది తప్పేం కాదు.