కుడివైపు సీట్లు

మా రామచంద్రపురం బస్సుకు ఎడమవైపు స్ప్రింగు పట్టీలు విరిగి, బండి ఆ వైపుకే ఒరిగిపోయి నడిచేది. కొత్తవి వేసేదాకా కండక్టరు మనుషుల బరువుతోనే దాన్ని నిలబెట్టేవాడు. లావుపాటివాళ్లను కుడివైపు కూర్చోబెట్టేవాడు. ఆ లెక్కన నా చోటు ఎప్పుడూ కుడివైపే.

ఒకరోజు రాజమండ్రిలో ఆసుపత్రి దగ్గర ఒకాయన తన భార్య భుజం పట్టుకుని ఎక్కాడు. ఆయనవి వలలు లాగిన వెడల్పాటి భుజాలు. వాటి మీద చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూసి, "మీరు ఎక్కడైనా కూచోండి, పర్లేదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

"నిరుడు ఇదే బస్సులో నన్ను పిలిచి మరీ కుడివైపు కూచోబెట్టారండి" అన్నాడాయన.

కండక్టరు తల దించుకుని టిక్కెట్లు చింపసాగాడు. భార్య ఎడమవైపు ఖాళీ సీటు చూపించింది. ఆయన ఆమె చెయ్యి వదిలించుకుని, తూలుతూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ముందు సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుని, పాదాలు నేలకు గట్టిగా అదిమాడు.

బస్సు ఎడమకు ఒరిగే కదిలింది. ఎప్పటిలాగే మా కిటికీలోంచి ఆకాశం తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

"బండి కొంచెం సర్దుకుందాండి?" అని అడిగాడు, రొప్పుతూ.

"సర్దుకుందండి" అన్నాను.