బాపు కడిగిన పెట్రోలు

ఆ రోజుల్లో మాకు పెట్రోలంటే పెట్రోలే. అందులో ఏం కలిసిందో, ఏం కలవలేదో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడలా కాదు. ఎయిర్‌పోర్టులో మా ఆఫీసు క్యాంటీన్‌లో మధ్యాహ్నం డబ్బాలు విప్పితే చాలు, కూర సంగతి కంటే ముందు ఇథనాల్ సంగతి వస్తుంది. కలిపింది పోయిస్తే మైలేజీ పడిపోతుందని ఒకరు, రబ్బరు పైపులు పాడవుతాయని ఇంకొకరు, ఖరీదైనా సరే కలపనిదే పోయించాలని ఒకరు, రోజూ తిరిగే బండికి అంత వైభోగం దేనికని మరొకరు, వాదించుకుంటూ పప్పు చల్లార్చుకుంటారు. చివరికి "మేడం, మీరు చెప్పండి" అని నా మీదికి తోస్తారు, అందరిలోకీ పెద్దదాన్నని. నేను పెరుగన్నంలోకి తల దించుకుంటాను. ఈ విషయంలో మా ఇంటి చరిత్ర చెప్పుకునేటట్టు లేదు మరి. బియ్యం కడిగినట్టు పెట్రోలు కడిగిన మనిషి కూతురిని నేను. (పక్కన నిలబడి చెంబుతో నీళ్లందించింది కూడా నేనే.)

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మాది తొండుపల్లి. డిగ్రీ కాగానే ఎయిర్‌పోర్టులో, విమానం దిగాక పెట్టె కనబడక లబోదిబోమనే ప్రయాణికుల ఫిర్యాదులు రాసుకునే కౌంటర్‌లో నౌకరి దొరికింది. మా ఇంట్లో నెలజీతం తెచ్చే మొదటి మనిషిని నేనే. మా బాపు నాలుగు బర్రెలను పెట్టుకుని శంషాబాద్‌లో ఇల్లిల్లూ తిరిగి పాలు పోసేవాడు. పాలల్లో నీళ్లు అన్న మాట ఎవరైనా పరాచికానికి అన్నా మూడు రోజులు ఆ గడప తొక్కేవాడు కాదు, అంత రోషం. నా డ్యూటీ పొద్దున ఆరింటికి. ఆ వేళకు బస్సు దొరకదు, ఒంటరిగా ఆటో ఎక్కించడానికి అమ్మ ఒప్పుకోదు. అందుకని బాపు తెలిసినవాళ్లను పట్టుకుని, రాజేంద్రనగర్‌లో ఒక టీచరమ్మ ఏడాదిగా సెల్లార్లో నిలబెట్టేసిన పాత బండి ఒకటి నాకోసం తెచ్చాడు. గేర్లు లేని బండి, తెల్లది. దాన్ని మేం తెల్లబండి అనే పిలిచేవాళ్లం. వచ్చిన రోజున బాపు దాన్ని బర్రెకు చేసినట్టే కొబ్బరిపీచుతో తోమి, బొట్టు పెట్టాడు.

ఇక్కడ మా అమ్మ ముక్కు గురించి ఒక మాట చెప్పాలి. బాపు ఒకప్పుడు బాగా తాగేవాడు. పాలు పోసి వచ్చే దారిలోనే సగం సంపాదన కరిగిపోయేది. నేను పదోతరగతిలో ఉండగా ఒకరోజు అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టి, దీపం ముట్టించి, "బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి" అంది. బాపు వేశాడు. మందే కాదు, ఆకులో పోసిన కల్లు కూడా ముట్టలేదు. అయినా అమ్మ ప్రతి సాయంత్రం ఆయన గడపలో కాలు పెట్టగానే చెంబు అందిస్తున్నట్టు దగ్గరికి వచ్చి, మూతి దగ్గర ఒక్క క్షణం వాసన చూసేది. ఏడేళ్లు చూసింది. ఎయిర్‌పోర్టులో సామాన్లు వాసన చూసే కుక్కలు నాకు తర్వాత చాలా తెలిశాయి గానీ, అమ్మ ముందు అవి ఎందుకూ పనికిరావు. బాపు పరీక్షకు కూర్చున్న పిల్లవాడిలా ఊపిరి బిగబట్టి నిలబడేవాడు.

నౌకరిలో చేరిన రెండో వారంలోనే తెల్లబండి హైవే మీద నడిమధ్యలో ఆగిపోయింది. లారీలు రయ్యిన పోతున్నాయి. ఇద్దరు మోటారుసైకిలు మీద రెండుసార్లు నా చుట్టూ తిరిగి వెళ్లారు. మా ఊరి ట్రాలీ ఆటో ఆయన చూసి, బండినీ నన్నూ ఎక్కించుకుని ఇంటి ముందు దింపాడు. ఆ సాయంత్రం అమ్మ తేల్చేసింది. "ఇగో చెప్తున్న. ఇంకొక్కసారి గా బండి తొవ్వల ఆగిందని విన్ననంటే నౌకరి బంద్. నాకు పైసలు వద్దు, బిడ్డ కావాలె." నాకు అన్నం సయించలేదు. మెడలో వేలాడే ఆ ఎయిర్‌పోర్టు పాసు పోగొట్టుకోవడమంటే అప్పట్లో నాకు ప్రాణం పోగొట్టుకున్నట్టే. నిద్రలో కూడా దాన్ని తడుముకునేదాన్ని.

మర్నాడు బాపు, నేనూ బండిని తోసుకుంటూ శంషాబాద్‌లో మెకానిక్ చాచా దగ్గరికి వెళ్లాం. చాచా బాపు దగ్గర రోజూ పాలు పోయించుకునే గిరాకీ. చాయ్ తాగుతూనే బండి చప్పుడు విని, "అరే అన్నా, ఇప్పుడు పెట్రోల్‌ల స్పిరిట్ కలుపుతున్నరు, ఎరికేనా?" అని ఒక తమాషా చూపించాడు. సీసాలో పెట్రోలు, దానిమీద కొన్ని నీళ్లు పోసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో పెన్నుతో గీత గీసి, మూత బిగించి ఊపాడు. కాసేపటికి పైన పెట్రోలు, కింద నీళ్లు తేరాయి. కానీ నీళ్లు గీత దాటి పైకొచ్చాయి. "చూసినవా, నీళ్లు పెరిగినయి. పెట్రోల్‌ల ఉన్న స్పిరిట్ నీళ్లలకు దిగింది" అన్నాడు. బాపు ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "అంటే మందే గదా?" అన్నాడు మెల్లగా. "మందే అనుకో" అని నవ్వాడు చాచా. "అయితే కడిగితే పోతదా?" "కడుగు అన్నా, సబ్బు పెట్టి కడుగు" అని చాచా ఇంకా నవ్వాడు. "రేపు బండి ఇడిసిపో, ఇప్పి చూస్త" అని కూడా అన్నాడు. ఆ రెండో మాట మా బాపు చెవిన పడలేదు.

తొవ్వంతా బాపు ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు. "నేను ఇడిసి ఏడేండ్లయె. నా బిడ్డ బండికి తాపుతరా? తాగిన మనిషి తొవ్వల పడిపోతడు గదా, బండి గూడ గంతే." ఆ వాదనకు ఎదురు చెప్పేంత చదువు నాకు లేదు. బీకాం చదివినదాన్ని.

ఆ సాయంత్రం నుంచి మా బర్రెల కొట్టంలో పని మొదలైంది. ట్యాంకులోంచి పైపుతో, నోట పీల్చి పెట్రోలు తీయడం, సీసాల్లో నీళ్లు కలిపి ఊపడం, తేరాక పైదాన్ని పాలు వడగట్టే బట్టలోంచి మళ్లీ ట్యాంకులో పోయడం. పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్‌ను కూడా పెట్రోల్లో వేసి చూశాడు, అది బుడుంగున అడుగుకు పోయింది. "నీళ్ల పాల కన్న పల్చగున్నది" అని తీర్పు చెప్పాడు. (గడ్డి పక్కన పెట్రోలు! ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జల్లుమంటుంది. చదివేవాళ్లెవరూ ఈ పనికి పూనుకోకండి.) జీవితంలో పాలల్లో చుక్క నీళ్లు కలపని మనిషి పెట్రోల్లో చెంబులకు చెంబులు పోశాడు. గీత కనబడాలి కాబట్టి గాజు సీసాలు కావాలి. ఆయన దగ్గర ఉన్న గాజు సీసాలు ఎలాంటివి? తాగే రోజుల్లో ఖాళీ చేసి, బయట పడేస్తే ఊరు చూస్తుందని గోనెసంచిలో కట్టి కొట్టం అటక మీద దాచినవి. అడుగున మిగిలిన ఆ నీళ్లను కింద పారబోస్తే దూడ నాకుతుందని, ఆ సీసాల్లోనే ఉంచి బిరడాలు బిగించి, వరుసగా అటక మీదే పెట్టేవాడు. ఇదంతా అమ్మ కంట పడితే బండికి ఇంకా రోగం తగ్గలేదని తెలిసిపోతుంది, నా నౌకరి పోతుంది. అందుకని ఇంట్లోకి వచ్చే ముందు చేతులు కడుక్కుని ఇంత సోంపు నోట్లో వేసుకునేవాడు. ఏడేళ్లుగా లేని సోంపు!

కడిగిన పెట్రోలు తాగి తెల్లబండి ఏం చేసిందనుకుంటున్నారు? రెండురోజులు దగ్గింది, మూడోరోజు ఆగింది. ఆ వారంలో మూడుసార్లు ఆగింది. ప్రతిసారీ ఏదో ఒక దుకాణం ముందు పెట్టి, షేరాటోలో పరుగెత్తి డ్యూటీ అందుకునేదాన్ని; సాయంత్రం బాపు వచ్చి, అమ్మ కంట పడకుండా కొట్టం దాకా తోసుకొచ్చేవాడు. "జర ఓపిక పట్టు బిడ్డా, ఇంక సాఫుగ కడగలేదు" అనేవాడు. ఇంకో చెంబు ఎక్కువ పోసేవాడు.

పదోరోజు ఆదివారం. కోడి గుడ్లు పెడుతోందేమోనని అమ్మ కొట్టం అటక ఎక్కింది. దిగేటప్పుడు ఆమె ఒడిలో గుడ్లు లేవు, తొమ్మిది సీసాలున్నాయి. తెల్లటి నీళ్లలాంటి సరుకు సగందాకా ఉన్న సీసాలు. ఒక్కో బిరడా తీసి వాసన చూసింది. స్పిరిట్ వాసన, దాని మీద పెట్రోలు వాసన. మా అమ్మ బుర్ర ఎంత చురుకంటే, వెంటనే లెక్క తేల్చింది. "వాసన తెల్వకుండ పైనుంచి పెట్రోల్ పోస్తున్నడు. గందుకే పది దినాల సంది సోంపు!" అని, సాతంరాయిలో ఉండే తమ్ముడికి, అంటే మా మామకు, ఫోను చేసింది.

మామ వచ్చేసరికి వాకిట్లో సీసాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. బాపు పాల క్యాన్లు సైకిలు మీదనుంచి దించనైనా దించలేదు. మామ మంచం మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "ఏంది బావా ఇది? ఒట్టు తీసి గట్టు మీద పెట్టినవా?" అన్నాడు. (పెళ్లిళ్లలో రెండు పెగ్గులకు తక్కువ ముట్టని మహానుభావుడు.) అమ్మ ఏడవడం లేదు. దానికే నాకు భయమేసింది. "నువ్వే చెప్పు. తాగినవా, లేదా?" అంది.

బాపు సీసాల వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నా మెడలో ఇంకా ఆ పాసు ఉంది, పొద్దున డ్యూటీ నుంచి వచ్చి తీయనే లేదు. ఒక్క మాట నిజం చెబితే బయటపడిపోతాడు. కానీ ఆ నిజం వెనకాలే బండి ఆగిన సంగతి వస్తుంది. బాపు తల వంచుకుని, "అవ్, తాగిన" అన్నాడు.

అమ్మ గోడ పట్టుకుని కూలబడింది. "బిడ్డ తల మీద ఒట్టేసినవయ్యా! దానికేమన్నయితే నేనేం జెయ్యాలె? ఇగ దీన్ని రోడ్డు మీదికి పంప. రేపటి సంది నౌకరి బంద్, ఇంట్లనే కూసుంటది." బాపు మొహం చూడాలి అప్పుడు. నా నౌకరి నిలబెట్టడానికి తాగుబోతునని ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోవడంతోనే నా నౌకరి పోయింది! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చివరికి ఏడుపే గెలిచింది.

"అమ్మా, బాపు తాగలే! మేం పెట్రోల్ కడిగినం!" అని అరిచాను.

"ఏం కడిగిండ్రు?" అన్నాడు మామ. మొదటినుంచీ చెప్పాను. ఎవరికీ నమ్మకం కుదరలేదు. మామ, ఇలాంటి విషయాల్లో అనుభవజ్ఞుడు కనుక, వేలు ముంచి నాలుక కొసకు తాకించి, "థూ!" అని చెంబెడు నీళ్లతో పుక్కిలించి వచ్చాడు. "అక్కా, దీంట్ల మందున్నది గని, ఇది మందు గాదు. దీన్ని మనిషన్నోడు తాగడు. బావ అసలే తాగడు" అని తీర్పిచ్చాడు.

అమ్మ లేచి బాపు ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు తాగలే. మరి తాగిన అని ఎందుకన్నవ్?"

"బిడ్డ నౌకరి పోతదని" అన్నాడు బాపు, తప్పు చేసినవాడిలా.

అమ్మ కొంగు నడుముకు బిగించి, "తోయ్ బండి" అంది. నలుగురం తెల్లబండిని తోసుకుంటూ చాచా దగ్గరికి పోయాం. ముందు అమ్మ, వెనక బాపు, పక్కన నేను, ఇంకా ఉమ్ముతూ మామ. చాచా ట్యాంకు కింద గిన్నె పెట్టి ఖాళీ చేశాడు. "యా అల్లా! దీంట్ల పెట్రోల్ తక్కువ, బోరునీళ్లు ఎక్కువ" అన్నాడు. ట్యాంకు లోపలి తుప్పు చూపించాడు. ఏడాది పాటు కదలకుండా నిలబడ్డ బండి, పాత పెట్రోలు లోపలే పాడై జిగురు కట్టింది. "స్పిరిట్ తోని గాదు అన్నా. నిలబెట్టినందుకు పాడైంది. కడగాల్సింది పెట్రోల్ గాదు, ట్యాంకి!" ట్యాంకు, కార్బ్యురేటరు విప్పి శుభ్రం చేసి, మామూలు పెట్రోలే పోసి కిక్కు కొడితే, తెల్లబండి ఎంత బుద్ధిగా మోగిందో! అమ్మ అరగంట సేపు ఆ చప్పుడు వింది. "రేపు డ్యూటీ ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది నన్ను.

ఆ సాయంత్రం బాపు పాలు పోసి ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం గడపలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అమ్మ చెంబు చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. వాసన చూడడం మర్చిపోయిందేమో అనుకున్నాడు. మర్నాడూ చూడలేదు. మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

మొన్న వాళ్లిద్దరినీ కారులో దవాఖానకు తీసుకెళ్తూ శంషాబాద్ దాటాక బంకులో ఆగాను. పంపు దగ్గరున్నతను "మేడం, మామూలుదా, ఆ కలపనిదా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే బాపు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మామూలుదే పొయ్యి తమ్మీ. దినాం తిరిగే బండికి ఏం గాదు. ఊకె నిలబెట్టే బండుంటే గప్పుడు ఆలోచన చెయ్యాలె" అన్నాడు, ఈ విషయంలో పట్టా పుచ్చుకున్నవాడిలా. మా క్యాంటీన్‌లో నెలల తరబడి తేలని సంగతి అంతే, అంత సులువుగా తేల్చేశాడు. వెనక సీట్లోంచి అమ్మ, "పొయ్యంగనే కడుగుతవా, ఇంటికి పోయినంక కడుగుతవా?" అంది. బాపు సిగ్గుపడి తల లోపలికి లాక్కున్నాడు.

నేను నవ్వుతూ పర్సు కోసం వెతుకుతుంటే చేతికి పాసు తగిలింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మార్చి కొత్తది ఇచ్చారో. అప్పటి ఆ ఇరవై రెండేళ్ల పిల్ల దీన్ని తన తెలివితో సంపాదించుకున్నానని అనుకునేది, పిచ్చిది. ఏడేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న మాటను ఒక మనిషి దీనికోసం వాకిట్లో అందరి ముందూ వదులుకోబోయాడని దానికి అప్పుడు సగమే అర్థమైంది. పాసు మెడలో వేసుకుని బండి స్టార్ట్ చేశాను. బాపు చెవి ఒగ్గి చప్పుడు విని, "మంచిగనే ఉన్నది, పోనియ్" అన్నాడు.