గావు పట్టిన నోరు

మా బెల్లంపల్లి కుమారస్వామి ముప్పై జాతర్లలో పోతరాజై, పంటితో మేకపోతు మెడ కొరికి గావు పట్టిన మొనగాడు. ఈ వయసులోనూ చెరుకుగడను పళ్లతోనే చీలుస్తాడు. అందుకే మా వాడకట్టు పిల్ల వందన, ఎవరో పారేసుకున్న ఫోన్లో దొరికిన వీడియోలా తాను తీస్తున్న నెత్తురు తాగే దయ్యం సినిమాకు ఆయన్నే పిలిచింది.

"తాతా, చార్జింగ్ అయిపోవస్తుంది. ఒక్కసారే తీస్త. జనం జడుసుకోకుంటే నా కష్టమంత దండుగ!"

పాడుబడ్డ క్వార్టర్లో, దయ్యానికి చిక్కిన పిల్లగా నటిస్తున్న అమూల్య మెడ వంచింది. కొరకడానికి నోరు తెరిచిన కుమారస్వామి ఆగి, మొలలోని పసుపు తీసి ఆమె మెడకు రాశాడు.

"మొక్కకుంట నేనెన్నడు మెడ ముట్టలే, తల్లీ" అని పాదాలకు మొక్కి, అప్పుడు వంగాడు.

"దయ్యం మొక్కుతదా తాతా? సిన్మా ఖరాబైంది పో!" అంది వందన. ఫోన్ ఆరిపోయింది.

వేరే దారిలేక ఆదివారం వాడకట్టు జనానికి అదే చూపించింది. ఆయన మొక్కి వంగగానే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. ముందు వరుసలోని ముసలమ్మలు మెల్లగా చెప్పులు విప్పి చేతులు జోడించారు.