పద్నాలుగు కట్టల నవల

రామ్‌దాస్ సార్ అంటే నాకు ఒళ్లు మంట. బోధన్‌లో మా రచయితల సంఘానికి పదేళ్లుగా ఆయనే అధ్యక్షుడు. ఆ పదేళ్లలో రాసింది మాత్రం ఆహ్వానపత్రాలే. అలాంటి మనిషి చేతిలో సుమలత నోటుబుక్ పెట్టింది నేనే. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

సుమలతది నిజామాబాద్‌లో కంఠేశ్వర్, మా పక్కిల్లు. పొద్దంతా బీడీలు చుడుతుంది. చేతులు తంబాకులో ఉంటాయి కాబట్టి పుస్తకం పట్టుకోలేదు. ఫోను చదివి వినిపిస్తుంటే వింటుంది. పైసా కట్టకుండా చదువుకునే పుస్తకాలు ఏ సైటులో ఉన్నాయో, నిఘంటువు ఎక్కడ చూడాలో, కథల పోటీలు ఎవరు పెడతారో ఆరేళ్లు వెతికి వెతికి నోటుబుక్‌లో రాసుకుంది. తను కథలు రాయడం నేర్చుకున్నదీ అలాగే. ప్రతి పుస్తకం పేరు పక్కన, అది విని ముగించేలోపు ఎన్ని బీడీ కట్టలు చుట్టిందో అంకె వేసేది. కట్టకు ఇరవై ఐదు బీడీలు. ఒక నవలకు పద్నాలుగు కట్టలు, ఒక చిన్న కథకు అర కట్ట.

"కొత్తగ రాసేటోళ్లకు పనికొస్తది. నా పేరుతోని అచ్చేయమను అక్కా" అని నాకిచ్చింది. ఆమె అడిగింది ఆ పేరొక్కటే.

నెల తిరిగేసరికి పుస్తకం వచ్చింది. అట్ట మీద 'సేకరణ: రామ్‌దాస్' అని ఉంది. ఫోన్ చేసి అరిచాను.

"బీడీలు చేసే ఆమె పేరేస్తే ఎవలు నమ్ముతరమ్మా?" అన్నాడు, ఏ మాత్రం తడబడకుండా. ఛీ, ఏం మనిషి!

ఆవిష్కరణ రోజు ఇద్దరం బోధన్ బస్సెక్కాం. సుమలత సంచిలో చేట, తడిగుడ్డలో చుట్టిన బీడీ ఆకు ఉన్నాయి. పని వదిలి ఆమె ఎక్కడికీ రాదు. సభలో సగం మంది బీడీలు చుట్టే ఆడవాళ్లే. కుర్చీలు నింపడానికి ఆయనే పిలిపించాడు.

ఆయన ఉపన్యాసం మధ్యలో సుమలత లేచింది. "సార్, ఏడో పేజీల పద్నాలుగు కట్టలు అని ఉన్నది. గదేంది?"

ఆయన పేజీ తిప్పి చూసి గొంతు సవరించుకున్నాడు. "అంటే... తాళపత్రాల లెక్కమ్మా. పాతకాలంల గట్లనే కొలిచేది."

"కాదు సార్. గా నవల వినుకుంట నేను చేసిన బీడీలవి. మూడొందల యాభై."

వెనక వరసల్లో ఆడవాళ్లు పగలబడి నవ్వారు. "కట్టంటే ఎరుకలేదు, పుస్తకమేసిండట!" అని ఒకామె గట్టిగానే అంది. నాకు కడుపు చల్లబడింది, అబద్ధం ఎందుకు?

రామ్‌దాస్ వేదిక దిగి వచ్చి గొంతు తగ్గించాడు. "వచ్చే ముద్రణల నీ పేరేస్తలే."

"వచ్చేది నాకెందుకు? గీ రెండొందలున్నయి గద." బల్ల మీది పుస్తకాలన్నీ ఆయన ముందుకు తోసింది. "ఒక్కొక్క దాని మీద మీ పేరు కొట్టేసి నా పేరు రాయుండ్రి."

ఆడవాళ్లెవరూ కుర్చీల్లోంచి లేవలేదు. ఆయన కలం తీయక తప్పలేదు. సుమలత ఎదురుగా నేల మీద కూర్చుని చేట ఒళ్లో పెట్టుకుంది.

"కానియ్యుండ్రి సార్" అంది, ఆకు చేతిలోకి తీసుకుంటూ. "మీరు రాసేసరికి ఎన్ని కట్టలైతయో సూస్త."