లియాకోస్ మీద కట్టిన శోకం

ఎవాంథియాకు ఏడవడం చేతకాదని మొదట కనిపెట్టింది ఆమె తల్లి. గ్రీసు దేశంలోని పిరేయస్ రేవులో తాళ్లూ తెరచాపలూ అమ్ముకునే ఇల్లు వాళ్లది. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా ఆ పిల్ల కళ్లు తడిసేవి కావు. "రాతిగుండె దానా!" అని తల్లి మురిపెంగానే తిట్టేది. పదిహేడో ఏట ఆ రాతిగుండె పిల్ల ఇంట్లో చెప్పాపెట్టకుండా ఊరూరా తిరిగే నాటకాల జట్టుతో వెళ్లిపోయింది. కాఫీ దుకాణంలో బల్లలు పక్కకు జరిపి, దుప్పటి తెరగా కట్టి ఆడేవాళ్లు. రాణి వేషం వేసింది, దాసి వేషం వేసింది, మీసం అంటించుకుని సిపాయి వేషమూ వేసింది. ఏడుపు వేషాలు మాత్రం ఎవరూ ఇచ్చేవారు కాదు. ఇచ్చిన ఒక్కసారీ ఉల్లిపాయ నలపాల్సి వచ్చింది.

ముప్పై దాటాక ఏథెన్స్‌లో పెద్ద రంగస్థలం ఎక్కింది. మంచి నటి అన్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట జ్వరంలో పోసే గంజి లాంటిది. ప్రాణం నిలుస్తుంది గానీ ఆకలి తీరదు.

అలాంటప్పుడు వచ్చింది, చచ్చిపోయిన కొడుకు మీద పడి ఏడ్చే తల్లి వేషం. రిహార్సల్‌లో ఆమె ఏడుపు విని దర్శకుడు నెత్తి పట్టుకున్నాడు.

"తల్లీ, కొడుకు పోయినట్టు లేదు. బస్సు తప్పిపోయినట్టుంది. దక్షిణాన మాని కొండలకు పో. అక్కడి ఆడవాళ్లు శోకాలు పెడుతుంటే రాళ్లు కూడా కదులుతాయంటారు. నేర్చుకునిరా."

మానిలో ఆమెకు చోటిచ్చింది గరుఫల్యా అనే విధవ. ఆమె ఒక్కగానొక్క కొడుకు లియాకోస్ ముందటి ఏడే రాతి గనిలో పడి పోయాడు. ఇరవై రెండేళ్లు. ఎవాంథియా ఆమెతో పాటు ఆలివ్ కాయలు ఏరింది, బార్లీ రొట్టె నీళ్లలో నానబెట్టుకుని తింది, ఏమీ అడక్కుండా పది రోజులు ఓపిక పట్టింది. అదీ నటనే. పదకొండో రోజు చెట్టు కింద కూర్చుని గరుఫల్యా తనంతట తనే గొంతెత్తింది.

"గోధుమ రంగు కోటు తొడుక్కుపోయావు నాన్నా,
కింది గుండీ ఊడింది, రేపు కుడతానన్నాను,
రేపటిదాకా ఆగలేకపోయావా కొడకా,
గాడిద గడపలో నిలబడి నీ అడుగుల కోసం చూస్తోంది..."

పాడటం అయ్యాక ఆమె ఎవాంథియా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఒసే పిల్లా, వినమన్నాను గానీ తీసుకోమనలేదు. ఎవరి శోకం వాళ్లది. ఇది లియాకోస్‌ది. ఇంకో శవం మీద పాడకూడదు. బతికున్నవాడి మీద అసలే పాడకూడదు. అర్థమైందా?"

"అయ్యో పెద్దమ్మా, నేనెందుకు పాడతాను? విన్నాను కదా, ఇక నా సొంత శోకం నేను కట్టుకుంటాను," అంది ఎవాంథియా. అన్నప్పుడు నిజంగానే అంది.

ఏథెన్స్ వచ్చి మూడు రాత్రులు కుస్తీ పట్టింది. కట్టిన ముక్కలన్నీ చప్పగా ఏడ్చాయి. మర్నాడు రిహార్సల్‌లో, ఈ ఒక్కసారికే అనుకుని, లియాకోస్ పేరు తీసేసి నాటకంలోని పేరు పెట్టి పాడింది. కోటు ఉంది, గుండీ ఉంది, గాడిదా ఉంది. దీపాలు చూసుకునేవాడు నిచ్చెన దిగివచ్చి గోడకేసి తిరిగి ఏడ్చాడు. తర్వాత మార్చడానికి దర్శకుడూ ఒప్పుకోలేదు, ఆమె కూడా ఒప్పుకోలేదు. పేరు మార్చాను కదా, ఎవరికి తెలుస్తుందిలే అని మనసుకు సర్దిచెప్పుకుంది. మనసు ఎంత తొందరగా సర్దుకుందో తలుచుకుంటేనే తర్వాత్తర్వాత ఆమెకు సిగ్గేసేది.

రెండు వందల ఆటలు ఆడారు. ఆపైన సినిమా తీశారు. తెల్లగుడ్డ కింద శవంగా పడుకున్న కుర్ర హీరో, నూనె రాసిన జుట్టు చెదురుతుందని గొణుగుతూనే ఉన్నాడు. సినిమా దేశమంతా ఆడింది. కూరల బజారులో అమ్మలక్కలు ఆమె చేతులు కళ్లకద్దుకునేవారు. పిల్లలు "గుండీ ఊడింది, రేపు కుడతానన్నాను" అని బడికి పోతూ పాడేవారు. ఒక హాస్యనటుడు నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని, ఖాళీ సారా పీపా మీద పడి అదే శోకం పెడితే హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మొదటి వరసలో కూర్చున్న ఎవాంథియా కూడా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఆమెను బతకనివ్వలేదు.

ఆ నెల తిరక్కుండానే గరుఫల్యా మేనకోడలు కలిరోయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

"గీథియో పట్నంలో మీ సినిమా వేస్తే అత్త కూడా బస్సెక్కి వెళ్లింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లందరూ ఆమె మొహమే చూశారు. ఆ రోజు నుంచి శోకం నోట రావడం లేదు. లియాకోస్ పోయి అయిదేళ్లయింది, ఆనవాయితీ ప్రకారం ఈస్టర్ అయ్యాక ఎముకలు పైకి తీసి, కడిగి పెట్టెలో దాచాలి. తల్లి పాట లేకుండా ఎలా లేపుతాం? ఏం చేస్తారో చేయండి."

ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియకపోయినా, ఎవాంథియా మర్నాడే బయల్దేరింది. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూర్చుకుంది. వాకిట్లోకి అడుగుపెట్టగానే గరుఫల్యా కాళ్ల ముందు కూలబడింది.

"లే, లే! ఇక్కడ టికెట్టు కొని కూర్చున్నవాళ్లెవరూ లేరు," అంది గరుఫల్యా, చిక్కుళ్లు ఒలుస్తూ.

"తిట్టు పెద్దమ్మా. కొట్టు. మాట తప్పాను."

"కొడితే నాకు నోరొస్తుందా? గోధుమ రంగు కోటు అని ఎత్తుకుంటానా, కళ్ల ముందుకి మావాడు రాడే! ఆ తెర మీద పడుకున్న నూనెజుట్టోడు వస్తాడు. వాడి కోటే, వాడి మొహమే. నా కొడుకు మొహం ఎక్కడో తప్పిపోయిందే పిల్లా."

ఎవాంథియా కూర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు.

"ఎల్లుండి తవ్వుతున్నారు. నువ్వు పాడు. ఈసారి వాడి పేరు పెట్టి పాడు. నీ నోటి నుంచైనా వాడిది వాడికి ముడుతుంది," అంది గరుఫల్యా.

తప్పు దిద్దుకునే దారి దొరికిందని ఎవాంథియా పొంగిపోయింది. ఎవరి వస్తువు వాళ్లకి ఇచ్చేసి తేలిగ్గా ఇంటికి పోవచ్చనుకుంది.

ఆ ఉదయం స్మశానంలో ఎండ బాగా కాస్తోంది. పూజారి ప్రార్థన ముగించాక ఆడవాళ్లు మట్టి తీశారు. ఒక్కో ఎముకా పైకి వస్తుంటే గరుఫల్యా పళ్లెంలోని ద్రాక్షసారాతో కడిగి తెల్లగుడ్డ మీద పేర్చింది. ఎవాంథియా గొంతెత్తి "లియాకో, నా లియాకో" అంది. ఏనాడూ అంత బాగా పాడలేదు. గుండీ దగ్గర గొంతు చీలింది, గాడిద దగ్గర నిలిచిపోయింది. గొయ్యి చుట్టూ ఉన్నవాళ్లందరూ గుండెలు బాదుకుని ఏడ్చారు. పళ్లెం ముందు వంగి ఉన్న గరుఫల్యా చేతులు మాత్రం ఆగలేదు.

శోకం ముగిశాక, పాడిన తల్లి చెయ్యి పట్టుకుని ఓదార్చడం ఆ ఊరి మర్యాద. ఏడ్చి ఏడ్చి కళ్లు కనపడని ముసలమ్మ ఒకామె, శోకం వినపడ్డ వైపు నడిచి ఎవాంథియా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చల్లగా ఉండి వాణ్ణి తలుచుకోవాలి తల్లీ."

"మీరూ చల్లగా ఉండాలి," అంది ఎవాంథియా తల వంచి. ఆ జవాబు దానంతటదే వచ్చింది. వెనకే ఇంకొకామె, ఆమె వెనక కలిరోయి, అలవాటు కొద్దీ వరస కట్టారు. నలుగురికి తల వంచాక గానీ తను ఎవరి చోట నిలబడి ఉందో ఎవాంథియాకు తెలిసిరాలేదు. చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. పట్టుకున్నవాళ్లు వదల్లేదు.

గరుఫల్యా పళ్లెం దగ్గర్నుంచి లేచింది. ఎర్రగా తడిసిన చేతులు గౌను కుచ్చిళ్లకు తుడుచుకుని వచ్చి వరస చివర నిలబడింది. తన వంతు రాగానే ఎవాంథియా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు చల్లగా ఉండి వాణ్ణి తలుచుకోవాలి తల్లీ," అంది.

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎవాంథియా ఆశగా వెతికింది. లేదు. ఆమె నిజంగానే ఓదారుస్తోంది.