చిటికెడు సీరియం

బళేపేట గాజుల అంగడి చెన్నరాయప్ప కూతురు అంబిక. పగిలిన గాజుపెంకులు ఊడుస్తూ పెరిగిన ఈ పిల్లకు లోహాల మీద చేసే పరిశోధనలోనూ పగిలే వస్తువే దాపురించింది. దాని పేరు మెగ్నీషియం. ఇనుముకంటే ఎంతో తేలిక, కానీ చల్లగా ఉన్నప్పుడు వంచబోతే ఫట్టుమంటుంది. అల్యూమినియం కలిపితే గట్టిపడుతుంది గానీ వంగదు. కాస్త సీరియం అనే మరో లోహం కలిపితే లోపలి స్ఫటికాలు ఒకే వైపు బారులు తీరకుండా చెదిరి, లోహం సాగుతుందని అంబిక పట్టు.

మొదటిసారి చిటికెడు మంచిదైతే గుప్పెడు ఇంకా మంచిదనుకుంది. ఆ అత్యాశే కొంప ముంచింది. ఎక్కువైన సీరియం స్ఫటికాల అంచుల్లో పెళుసుగా పేరుకుని, రేకు తునాతునకలైంది.

"ఇంకొక్క దిమ్మె చూద్దాం. అదీ పగిలితే ఈ పని మూసేద్దాం," అన్నారు గైడు రాజగోపాల్. మూడేళ్ళ చాకిరీ గంగపాలవుతుందని అంబికకు నిద్ర కరువైంది.

2007 వేసవిలో ఆ ఆఖరి దిమ్మెను, చిటికెడే కలిపినదాన్ని, ఆపరేటరు గురప్ప బాగా కాచి రోలింగ్ మిల్లులోకి తోశాడు. నలిగి నలిగి రేకైంది. చివరిసారి సగం లోపలికి పోయిందో లేదో, కరెంటు పోయింది.

రోలర్ల మధ్య ఇరుక్కున్న రేకు చల్లారిపోతోంది.

"గురప్పన్నా, ఎనక్కి లాగితే?"

"చిరిగిపోతాదమ్మా. కరెంటు వచ్చేదాకా సుమ్నే, ఊరికే ఉండాల."

"చల్లగా నలిగితే పగిలిపోతాది కదన్నా!"

అంతలో రాజగోపాల్ వచ్చి, సంగతి విని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంబిక ఏడుపు ఆపుకుంది.

కరెంటొచ్చింది. రోలర్లు మూలిగాయి. అంబిక కళ్ళు మూసుకుని, చిన్నప్పటినుంచీ ఎరిగిన ఆ ఫట్టుమనే చప్పుడు కోసం భయంగా చెవి ఒగ్గింది. చప్పుడు రాలేదు. రేకు బయటికొచ్చింది. అంచుల్లో సన్నటి బీటలున్నాయి, నడుమ మాత్రం నున్నగా ఉంది.

"చల్లారాక నలిగిన భాగం ఏది?" అన్నారు రాజగోపాల్.

గురప్ప చూపించాడు.

"అక్కడ కోసి వంచమ్మా."

అంబిక ముక్క కోసి ఇనుప గొట్టానికి ఆనించి వంచింది. రేకు మెల్లగా గొట్టం చుట్టూ తిరిగింది.

"పని సాగనీ," అన్నారాయన.

ఆ సాయంత్రం ఆ ముక్కను అంబిక బళేపేట అంగడిలో గల్లాపెట్టె మీద పెట్టింది.

"నాయనా, పగల్లేదు," అని, అప్పుడు ఏడ్చింది.